పెన్ డ్రైవ్‌తో అప్‌డేట్ ఎక్కకపోతే ఏం చూడాలి?



షెడ్డులో వేడి, తేమ చూసుకునే కంట్రోలర్ పెట్టెలు ఇప్పుడు మనలో కొందరి దగ్గర ఉన్నాయి. వాటిలో కొన్నింటికి కొత్త సాఫ్ట్‌వేర్ పెన్ డ్రైవ్‌తోనే ఎక్కించాలి. పోయిన వేసవి పంటలో మేము చేసిన తప్పు మీరు చేయకూడదని ఈ పాఠం రాస్తున్నాము.

నాలుగో జ్వరం లేచి మూడో రోజు. పురుగు బాగా మేస్తోంది. మధ్యాహ్నం తీరిక దొరికిందని పెన్ డ్రైవ్ పెట్టాము. "ఫైల్ లేదు" అని వచ్చింది. మళ్లీ మళ్లీ పెట్టాము. పెట్టె అప్‌డేట్‌లో ఉన్నంతసేపు ఫ్యాన్లు, ఫాగర్ ఆగిపోతాయని మాకు తెలీదు. మూడు గంటలు గడిచేసరికి షెడ్డు కాగిపోయింది, పడకల మీద ఆకు వాడిపోయింది. ఆఖరికి ఫ్యాన్లు నేరుగా స్విచ్‌కి కలిపి, కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టుకున్నాము. సాయంత్రం మా మేనల్లుడు వచ్చి చూస్తే పెట్టెలో ఏ లోపమూ లేదు. తప్పంతా పెన్ డ్రైవ్‌లోనే ఉంది.

అందుకే ఈ వరుసలో చూడండి:

1. ఫైల్ పేరు. ఫోన్‌లో రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే పేరు చివర బ్రాకెట్లో 1 చేరుతుంది. పెట్టె ఆ పేరును గుర్తుపట్టదు. మాకు జరిగింది ఇదే. కంపెనీ ఇచ్చిన పేరే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

2. ఫైల్ ఉన్న చోటు. ఫోల్డర్ లోపల పెట్టకండి, పెన్ డ్రైవ్ తెరవగానే కనపడాలి. జిప్ ఫైల్‌ను విప్పాలా వద్దా అన్నది పెట్టెతో వచ్చిన పుస్తకంలో చూడండి.

3. ఫార్మాట్. ఇలాంటి పెట్టెలు ఎక్కువగా ఫ్యాట్ 32 మాత్రమే చదువుతాయి. 64 జీబీ పెన్ డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. 8 లేక 16 జీబీది తీసుకుని ఫ్యాట్ 32లో ఫార్మాట్ చేయండి. అందులో ఉన్నదంతా పోతుంది, ఫోటోలుంటే ముందే తీసిపెట్టుకోండి.

4. కాపీ సగంలో ఆగడం. కంప్యూటర్ నుంచి లాగేయకుండా "ఎజెక్ట్" నొక్కి తీయండి. రెండు చోట్లా ఫైల్ సైజు ఒకటేనా చూడండి.

5. మోడల్ నంబరు. పెట్టె వెనక స్టిక్కర్ మీద ఉన్నదీ, ఫైల్ ఏ మోడల్‌దో అదీ కలవాలి. కలవకపోతే ఎక్కించే ప్రయత్నమే వద్దు.

6. కరెంటు. ఎక్కుతుండగా కరెంటు పోతే పెట్టె అసలుకే లేవకపోవచ్చు. యూపీఎస్ మీద పెట్టి చేయండి. తెర కదలలేదని తొందరపడి ఆపేయకండి, పుస్తకంలో చెప్పినంతసేపు ఆగండి.

అన్నిటికన్నా ముఖ్యం: పడకలో పురుగు ఉండగా అప్‌డేట్ జోలికి పోవద్దు. పంట దిగి, షెడ్డు కడిగి, మందు కొట్టాక, కొత్త పురుగు రాకముందు చేయండి.

చేసేముందు మీ సెట్టింగులు కాగితం మీద రాసుకోండి. అప్‌డేట్ తర్వాత అవి మారిపోవచ్చు. చాకీకి 27–28 డిగ్రీలు, తేమ 85–90 శాతం ఉండాలి. ఐదో దశకు 24 డిగ్రీల దగ్గర, 65–70 శాతం చాలు. చాకీ తేమే పెద్దపురుగుకీ ఉండిపోతే రోగం పిలిచినట్టే. ఒకరోజు ఖాళీ షెడ్డులో నడిపి, గోడ థర్మామీటర్‌తో సరిచూసుకోండి.

ఎక్కడైనా ఆగిపోతే తెర మీద వచ్చిన మాట ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, కలిసి చూద్దాం.