సెల్‌ఫోను, పిల్లల రక్షణ, పంచాయతీ బాధ్యత

ఆదోని ప్రత్తి విపణికిని, ఎమ్మిగనూరు చేనేతకును ప్రసిద్ధి గాంచినవి. వీని చుట్టుప్రక్కల గ్రామములలో వర్షాధారపు సేద్యమే అధికము. అందుచేత ఏటేట అనేక కుటుంబములు మిరపకాయల కోతకు గుంటూరు వైపునకును, కట్టడపు పనులకు బెంగళూరునకును వలస పోవుచుండును. పిల్లలు అవ్వతాతల యొద్ద మిగులుదురు. వారికి తల్లిదండ్రుల మాట వినిపించునది ఫోనులోనే. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్‌లను సైతము పంచినది. కావున ఫోను ఇయ్యరాదను ఉపదేశము చాలదు. జాగ్రత్తగా వాడుట నేర్పవలెను.

12 మొదలు 14 ఏండ్ల పిల్లలకు ముఖ్యముగా నేర్పవలసినవి నాలుగు:

1. ఫోనులో పరిచయమైన వాని పేరు, వయస్సు, ఫొటో నిజము కాకపోవచ్చును.

2. ఫొటో పంపుమనియు, ఆ సంగతి ఇంట చెప్పవద్దనియు కోరువాడు మిత్రుడు కాడు.

3. ఓటీపీ, పాస్‌వర్డు ఎవరికిని చెప్పరాదు. అవ్వతాతల బ్యాంకు ఖాతా ఆ ఫోనుతోనే ముడిపడియుండవచ్చును.

4. ఎవరైన బెదిరించినచో డబ్బు గాని, మరియొక ఫొటో గాని పంపరాదు. సందేశములను చెరపక, నమ్మిన పెద్దలకు వెంటనే చూపవలెను.

ఈ నాల్గవ పాఠము పెద్దలును నేర్వవలసినది. బెదిరింపునకు లోనైన బాలిక మోసగానికి మాత్రమే భయపడదు. ఇంట తెలిసినచో బడి మాన్పించి పెండ్లి చేయుదురేమో యనియు భయపడును. ఆ భయమే మోసగాని బలము. చెప్పుకొన్న బిడ్డను దండింపము, చదువు మాన్పింపము అని గ్రామసభలో అందరిచేత ఒప్పించుట పంచాయతీ సభ్యుల ప్రథమ కర్తవ్యము.

ఇట్టి సంగతులను రచ్చకట్టపై తీర్పు చేయరాదు. 18 ఏండ్లలోపు వారిపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము శాసించుచున్నది, తెలుపకుండుట నేరము. బిడ్డ పేరు బయట పెట్టరాదు. ఆ ఫొటోను సాక్ష్యమను పేరిట సభ్యులు ఒకరి కొకరు పంపుకొనరాదు.

పిల్లల సహాయమునకు 1098, ఫోను ద్వారా జరిగిన డబ్బు మోసమునకు 1930 నంబర్లు కలవు. మోసమును ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును నిలిపివేయుట కంత అవకాశము. ఈ నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడపైనను, బడి గోడపైనను పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. కుటుంబములు వలసకు బయలుదేరక మునుపే తల్లిదండ్రులను, అవ్వతాతలను, ఉపాధ్యాయులను ఒకచోట చేర్చి ఈ పాఠము చెప్పింపుడు. తల్లిదండ్రులు దూరమున నున్న దినములలో ఆ బిడ్డలకు ఊరే పెద్ద దిక్కని మనము మరువరాదు.