వేసవి పొద్దున సైకిలు, పెరట్లో బొప్పాయి

ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మధ్యాహ్నం భోజనం వేళకే ఇంటికొచ్చేస్తారు. ఇంకో నెల పోతే పూర్తి సెలవులు. జూన్ రెండోవారం దాకా వీళ్లతో వేగేదెలా అన్న బెంగ ఇంటింటా ఉన్నదే. పేపరు మడతల్లో సమ్మర్ క్యాంపుల కాగితాలు వచ్చి పడుతుంటాయి. చేర్చవద్దని చెప్పను. దానికి కట్టే డబ్బులో కొంత మిగుల్చుకుని మూలనున్న సైకిలు బాగు చేయించండి. ఒక పండ్ల మొక్క పెంచుకోనివ్వండి. రెండింటినీ పిల్లల చేతికే వదిలేయండి. ముఖ్యంగా నేను అడిగేది ఆ వదిలేయడమే.

సైకిలు కొత్తదే కానక్కర్లేదు, కొలత మాత్రం సరిపోవాలి. ‘ఎదిగే పిల్లాడు కదా’ అని చొక్కా కొన్నట్టు ఒక సైజు పెద్దది కొనేస్తాం. సీటు మీద కూర్చుంటే మునివేళ్లయినా నేలకు ఆనని సైకిలు పిల్లల్ని భయపెడుతుంది. ఇంకా నేర్చుకోని పిల్లలైతే పెడళ్లు రెండూ ఊడదీయించి, సీటు బాగా కిందికి దించండి. కాళ్లతో నేలను తన్నుకుంటూ కొన్నాళ్లు తిరగనివ్వండి. నిలదొక్కుకోవడం దానంతటదే వస్తుంది. ఆ తర్వాత పెడళ్లు బిగిస్తే, సీటు పట్టుకుని మీరు వెనకాల పరుగెత్తే పని చాలావరకు తప్పుతుంది.

ఏప్రిల్లో ఆరింటికల్లా వెలుగొస్తుంది. సెలవురోజుల్లో ఆ వెలుగుతో బయల్దేరి ఏడున్నరకు ఇంటికి చేరాలి. బడి రోజుల్లో సాయంత్రం ఐదు దాటాకే. నెత్తిన హెల్మెట్, వెంట నీళ్లసీసా ఉండాలి, తిరిగొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వాలి. పెద్దరోడ్డు ఎక్కనివ్వకండి. పొలం డొంకలు, చెరువు కట్టలు, కాలువ గట్లు ఉన్నాయి కదా. సీమచింతకాయలు దొరికే కాలమిది, ఇంకొన్నాళ్లకు తాటిముంజలు వస్తాయి. దారిలో ఆగితే ఆగనివ్వండి, ఎంత దూరం తొక్కారని లెక్కలు అడగకండి.

డెల్టా ఊళ్లలో ఇదే దాళ్వా కోతల సమయం. రోడ్డు పొడవునా వడ్లు ఆరబోసి ఉంటాయి. అక్కడ దిగి, అంచున సైకిలు నడిపించుకుంటూ వెళ్లమని చెప్పండి. వడ్ల మీద చక్రం జారుతుంది, అదొకటి. అంతకు మించి, అది ఒక రైతు ఆరుగాలం కష్టం. దాన్ని తొక్కుకుంటూ పోకూడదని పిల్లలకు ఈ వయసులోనే తెలియాలి. కుక్కలు వెంటపడితే వేగం పెంచకుండా దిగి, సైకిలును అడ్డం పెట్టుకుని నిలబడాలి. బావిలో గానీ చెరువులో గానీ కాలువలో గానీ దిగకూడదన్న మాట దగ్గర మాత్రం మెత్తబడకండి. కాలువలు కట్టేశాక కూడా గుంటల్లో లోతుగా నీళ్లు నిలిచే ఉంటాయి. ఏటా వేసవిలో పిల్లలు ఈత సరదాకు వెళ్లి మునిగిపోతున్నారు. ఆ ఒక్క విషయంలో బతిమాలడాలు వద్దు, ఖండితంగా చెప్పండి.

మొదట్లో మీరూ వెంట వెళ్లండి, అయితే వెనకాలే ఉండండి. ఏ మలుపు తిరగాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. పదేళ్లు దాటినవాళ్లు దారి తెలుసుకున్నాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లగలరు. తుమ్మముల్లు గుచ్చుకుంటే ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూపించండి. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, కాస్త ఆరనిచ్చి ప్యాచ్ వేయడం ఒకసారి చూస్తే చాలు, రెండోసారి వాళ్లే వేస్తారు.

ఇక మొక్క. పండ్ల మొక్క అనగానే మనకు మామిడే గుర్తొస్తుంది. కానీ అంటుమామిడి అయినా కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది, టెంకనుంచి మొలిచింది ఇంకా ఆలస్యం. పిల్లలకు అన్నేళ్ల ఓపిక ఎక్కడిది? అందుకే బొప్పాయి. బాగా పండిన నాటు కాయలోని గింజలు తీసి, చుట్టూ ఉన్న జిగురు సంచి పోయేదాకా బూడిదతో రుద్ది, కడిగి నీడన ఆరబెట్టాలి. మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి చిల్లులున్న సంచుల్లో నింపి, వేలి కణుపు లోతున కూడా కాదు, అందులో సగం లోతున విత్తాలి. రెండు మూడు వారాలకు మొలక వస్తుంది. ఈలోగా రోజూ మట్టి తవ్వి చూస్తారు. చూడనివ్వండి, గింజలు నాలుగు ఎక్కువే వేయించండి.

వేసవిలోనే అడుగున్నర గుంత తవ్వి ఎండకు వదిలేస్తే మట్టిలో పురుగూ పుట్రా చస్తాయి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. తొలకరి పడ్డాక ఎరువు, వేపపిండి కలిపిన మట్టితో గుంత పూడ్చి, మూడు మొక్కలు నాటించండి. నాటు బొప్పాయిలో మగచెట్లు, ఆడచెట్లు వేరు కాబట్టే మూడు. పూత వచ్చాక పిల్లలనే చూసి చెప్పమనండి. పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడితే మగపూలు, కాండానికి అతుక్కుని ఉంటే ఆడవి. కాయ పట్టాలంటే చుట్టుపక్కల ఒక మగచెట్టు ఉండాలి. మొక్క మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది, మట్టి ఎగదోయాలి. అన్నీ కుదిరితే వచ్చే వేసవికి పళ్లు తింటారు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో నిమ్మ మేలు, దాని జోలికి కోతులు అంతగా రావు. ఫ్లాటులో ఉండేవాళ్లు సగానికి కోసిన డ్రమ్ములో జామ అంటు పెట్టుకోవచ్చు. ఎండ తగిలే బాల్కనీ అయితే చాలు.

ఒకరోజు నీళ్లు పోయడం మరిచిపోతారు. గుర్తు చేయండి. అంతేగానీ వాళ్లు నిద్రపోయాక మీరు చాటుగా పోయకండి. మొలక వాడిపోతే తిట్టకండి, ఇంకో గింజ ఇవ్వండి. పక్కింటి పిల్లల మొక్కతో పోల్చకండి. ఫొటోలు తీసి బంధువుల గ్రూపులో పెట్టడం కూడా వాళ్లు అడిగితేనే.

ఎండలు ముదిరేలోపే, ఈ ఆదివారమే, పెరట్లో గుంతకు చోటు చూడమని పిల్లలకు చెప్పండి. ఎక్కడ తవ్వాలో వాళ్లనే గీత గీయనివ్వండి.