వెనక్కి తిరిగే గీత ఇంట్లోనే గీయండి

ఎండాకాలం బ్యాక్‌ప్యాకింగ్ అనగానే మన కుర్రకారు మ్యాపు మీద ముందు వేలు పెట్టేది లద్దాఖ్ మీదే. వాళ్ల ప్లాన్ కాగితం చూడండి: మనాలీ, సర్చూ, లేహ్, మర్ఖా లోయ, పాంగాంగ్... ఊళ్లన్నీ ఉంటాయి. ఒకరికి తలనొప్పి మొదలైతే ఏం చేయాలి, ఎక్కణ్నుంచి వెనక్కి తిరగాలి అన్నది మాత్రం ఒక్క ముక్క ఉండదు. అడిగితే "అప్పుడు చూసుకుందాంలే" అంటారు.

అప్పుడు చూసుకోవడం కుదరదు. నాలుగు వేల మీటర్ల ఎత్తున నిద్ర పట్టక, ఆకలి చచ్చి, ఊపిరి అందక ఉన్నవాడి తీర్పును నమ్మలేం. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఆలోచించినప్పుడే బుర్ర మన మాట వింటుంది. కష్టమైన నిర్ణయాలన్నీ ఇక్కడే తేల్చుకుని బండెక్కండి.

మొదటిది తేదీ. మన కాలేజీ సెలవులు మేలో వస్తాయి. అక్కడి కనుమల మీద అప్పటికింకా మంచు ఉంటుంది. మర్ఖా లోయ నడకకు జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా అనువైన కాలం. రోహిణి కార్తె ఎండ భరించలేక మేలోనే పరుగెత్తాలంటే వేరే కొండలు వెతుక్కోండి. ఢిల్లీ రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి, ఏప్రిల్ చివర్లో తేదీ తేల్చుకోలేని గుంపు జూన్ చివరికి తత్కాల్ మీద ఆధారపడాల్సి వస్తుంది.

ఇక దారి. ఎన్ని కిలోమీటర్లు పోతున్నాం అన్నదానికన్నా రాత్రి ఎంత ఎత్తున పడుకుంటున్నాం అన్నది చూడాలి. మూడు వేల మీటర్లు దాటాక పడక రోజుకు 500 మీటర్లకు మించి పైకి పోకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్యం తెలిసినవాళ్లు చెబుతారు. మనాలీ సుమారు 2,050 మీటర్లు, సర్చూ దాదాపు 4,300. మనాలీ నుంచి వచ్చి ఆ రాత్రే సర్చూ గుడారాల్లో పడుకుంటే తెల్లారేసరికి సగం గుంపు తల పట్టుకుంటుంది. అదే శ్రీనగర్ మీదుగా వెళ్తే కార్గిల్‌లో 2,700 మీటర్ల దగ్గర ఒక రాత్రి, ఆ తర్వాత 3,500 మీటర్ల లేహ్. దారిలో కనుమలు ఎత్తయినవే అయినా వాటి మీద పడుకోం కదా! విమానంలో నేరుగా లేహ్‌లో దిగేవాళ్లు కనీసం రెండు రోజులు ఊళ్లోనే మెల్లగా తిరగాలి. ప్లాన్‌లో ఆ రెండు రోజులూ ఖాళీగా కనిపిస్తాయి. అక్కడ ఏదో ఒకటి చూసేద్దామని ఇరికించే స్నేహితుడు ప్రతి గుంపులోనూ ఉంటాడు. వినకండి.

అలవాటు కోసం బ్యాగు వీపున వేసుకుని అలిపిరి మెట్లు ఎక్కండి, 3,550 ఉన్నాయి. మోకాళ్లకు మంచిదే, కానీ ఎత్తు జబ్బుకు అది మందు కాదు. జిమ్ బాడీకీ ఆ జబ్బు వస్తుంది. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ నేరుగా అక్కడికి పోలేదు. భువనగిరి రాళ్ల మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో సాధన చేశాకే వెళ్లింది.

బ్యాగు గురించి ఎక్కువ చెప్పను. తొమ్మిది పది కిలోలు దాటకూడదు. ఆవకాయ సీసా తీసేసి కారప్పొడి, వేరుశనగ చిక్కీ పెట్టుకోండి. జీన్స్ తడిస్తే ఆరదు, వద్దు.

అసలు విషయం గుంపు ఒప్పందం. బయల్దేరే ముందే అందరూ కూర్చుని మూడు మాటలు రాసుకోండి. తలనొప్పికి వికారమో తల తిరగడమో తోడైతే ఆ మనిషి పైకి ఒక్క అడుగు వేయకూడదు. అది తగ్గకపోతే కిందికి దిగాలి. నడకలో తూలుతుంటే అర్ధరాత్రయినా సరే ఆగకుండా దింపాలి, పక్కన తోడు ఉండాలి. ఎవరు "నాకు బాగాలేదు" అన్నా గుంపంతా ఆగాలి, వెక్కిరింపు ఉండకూడదు. ఈ మూడోది అన్నిటికన్నా కష్టం. మన కుర్రాళ్లు నొప్పి దాచుకుంటారు, నా వల్ల అందరి ట్రిప్పూ పాడవుతుందని నోరు నొక్కుకుంటారు. ఎత్తున ఆ మర్యాద ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే మొదటి రోజు నుంచే, గుంపులో అందరికన్నా గట్టివాడనుకునేవాడు ముందుగా "ఈ రోజు నాకు కాస్త నీరసంగా ఉంది" అని పైకి చెప్పాలి. వాడు చెబితే మిగతావాళ్లకు నోరు పెగులుతుంది. డయామాక్స్ లాంటి మాత్రలు డాక్టర్‌ని అడిగి తీసుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

మన ఊరి ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అదైనా లోయలో పనిచేస్తుందని నమ్మకం లేదు. మర్ఖా పల్లెల్లో హోమ్‌స్టే వాళ్లకు ఇచ్చేందుకు నగదు లేహ్‌లోనే తీసుకోండి. అమ్మానాన్నలకు ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటారో కాగితం మీద రాసివ్వండి. ఫలానా తేదీ సాయంత్రం దాకా ఫోన్ రాకపోయినా కంగారు పడొద్దని, అది దాటితే ఎవరికి ఫోన్ చేయాలో నంబరుతో సహా దాని కిందే రాయండి. తిరుగు టికెట్‌ను నడక ముగిసే మర్నాటికి తీయకండి. రెండు రోజులు వదిలి తీయండి.