గ్రాములు సరే, మిల్లీగ్రాముల సంగతేంటి?

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో అర తులం కమ్మలు కొనాలన్నా మనం తూకం చూపించమంటాం, తరుగెంతో అడుగుతాం, మజూరీ దగ్గర బేరమాడతాం. అదే మనం ఆసుపత్రి మంచం ఎక్కితే నర్సమ్మ చేతిలో పోసిన ఆరు మాత్రల్నీ మారుమాట లేకుండా మింగేస్తాం.

షుగరు వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఈ మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది. ఒంట్లో ఇన్సులిన్‌ను కరిగించి పంపేసే పనిలో కిడ్నీకీ వాటా ఉంది. అది నీరసిస్తే పాత డోసే ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఏ మందూ మార్చకుండానే షుగరు దిగిందంటే సంబరపడకండి, డాక్టరుకు చెప్పండి. షుగరు మరీ పడిపోయి తెల్లారుజామున చెమటలు, వణుకు, తికమక వచ్చేది ఇలాగే. వడపోత లెక్క ఈజీఎఫ్‌ఆర్ 30 కిందికి పడితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. మోకాళ్లకని వేసుకునే డైక్లోఫెనాక్, ఉన్న కాస్త కిడ్నీని ఇంకా నలుపుతుంది.

మరేం చేయాలి? మూడు పనులు.

మందుల సంచి దాచకండి. జమ్మలమడుగులో రాసిన చీటీ, పులివెందులలో రాసింది, ఊళ్లో ఇచ్చిన నొప్పి మాత్రలు, ఆకుమందు అన్నీ మంచం మీద పరచండి. రెండు అట్టల మీద పేర్లు వేరుగా ఉంటాయి. కింది చిన్నక్షరాలు చదివితే రెండూ గ్లిమెపిరైడ్ అనే షుగరు మందే! ఒకే మందు రెండుసార్లు మింగుతున్నారన్నమాట.

నోరు తెరవండి. "సారూ, నాకు షుగరుంది, కిడ్నీ దెబ్బతినింది, క్రియాటినిన్ ఇంత. ఈ మందు పడుతుందా? డోసు తగ్గించాల్నా?" ఈ నాలుగు ముక్కలు చాలు. చదువు రాని అమ్మ పక్కన కొడుకో కోడలో నిలబడి అడగాలి. అయితే అనుమానం వచ్చిందని సొంతంగా ఏ మందూ ఆపొద్దు.

ఇంటికి పంపే రోజు ఆటోకు తొందరపడకండి. పాతవాటిలో ఏవి ఆపాలో, ఏవి ఉంచాలో రాయించుకోండి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కిడ్నీని కాపాడతాయి గానీ పొటాషియం పెంచగలవు. అందుకే రక్తపరీక్షకు మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ వేయించుకోండి. ఆపమన్న అట్టల్ని సంచిలోంచి అక్కడే తీసేయండి.

అడిగే గిరాకీ ఎదురుగా ఉంటే సేటు తూకం ఇంకోసారి చూసుకుంటాడు. వార్డులోనూ అంతే.