చివరి యింటికి చేరవలసిన వార్త

పూర్వము గ్రామమున ముఖ్యవిషయమేదైన తెలుపవలసివచ్చినచో చాటింపు వేయించెడివారు. చదువు వచ్చినవాడును, రానివాడును, మేడలోనివాడును, గుడిసెలోనివాడును ఆ మాటను ఒక్కసారే వినెడివారు. నేడు పింఛను, రేషను కార్డు, భూమి పత్రము, విద్యార్థివేతనము, బ్యాంకు ఖాతా మున్నగు వ్యవహారములలో పెక్కు కంప్యూటరు ద్వారమునను, చేతిఫోను ద్వారమునను నడచుచున్నవి. ఆ ద్వారము తెరువ నేర్చినవానికి క్షణములో పని యగుచున్నది. నేరనివాడు తన హక్కును తాను పొందుటకై పరుల గుమ్మములయొద్ద నిలువవలసి వచ్చుచున్నది. ఈ తారతమ్యమునే డిజిటల్ అంతరమందురు.

యంత్రములు పంచిపెట్టినంతమాత్రమున ఈ అంతరము తొలగునా? ఈ ప్రశ్నకు పుదుచ్చేరి పల్లెలు పాతిక సంవత్సరములకు పూర్వమే ఆచరణలో సమాధానము చెప్పినవి. ఆ వృత్తాంతమును ఈ పాఠమున పరిశీలింతము.

1. ముందు అవసరము, పిమ్మట యంత్రము

1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, కెనడా దేశపు అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రము యొక్క సహాయముతో, నాటి పాండిచ్చేరి పల్లెలలో విజ్ఞాన కేంద్రములను స్థాపింప నారంభించినది. ఆ సంస్థవారు తొలుత కంప్యూటర్లను దింపలేదు. గ్రామస్థులతో కూర్చుండి, వారికి నిత్యము తెలియవలసిన విషయము లేవియో అడిగి తెలిసికొనిరి. ధాన్యపు ధర, ఎరువుల ధర, వైద్య సదుపాయము, బస్సుల వేళలు, ప్రభుత్వ పథకములు: ఇవి వారి అవసరములు.

అప్పుడు విల్లియనూరులో ప్రధాన కేంద్రము నెలకొల్పిరి. టెలిఫోను తీగ ద్వారా ఇంటర్నెట్టు నుండి వచ్చిన సమాచారమును, స్థానికముగా సేకరించిన సమాచారమును అచట తమిళమున సిద్ధపరచి, రేడియో తరంగముల మూలమున పల్లెలకు పంపిరి. విద్యుత్తు తరచు నిలిచిపోవుటచే సౌరశక్తిని తోడు చేసికొనిరి. జనుల భాషలో లేని జ్ఞానము ఎంత గొప్పదైనను జనులకు లేనట్టిదే యని వారు గ్రహించిరి.

2. అందరికిని తెరచిన చోటు

యంత్రము నెచట నుంచవలెను? కలవారి యింటి చావడిలో నుంచినచో లేనివాడు గడప దాటుటకు జంకును. కావున గ్రామమే స్థలము నీయవలెననియు, అది అన్ని కులములవారును, స్త్రీలును నిస్సంకోచముగా ప్రవేశింపగల చోటు కావలెననియు నియమము చేసిరి. ఎంబలం గ్రామమున ఆ కేంద్రము దేవాలయ ప్రాంగణమునందే వెలసినది. కేంద్రములను నడపినవారు బయటినుండి వచ్చిన ఉద్యోగులు కారు, ఆ యూళ్ళవారే. వారిలో స్త్రీలు అనేకులు.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని సామెత. తంత్రీమార్గము ఊరిదాక వచ్చియు, మధ్యనున్న మనుష్యుడు దారి యీయనిచో ఫలమేమి? ఈ నియమము ఆ చిక్కును ముందే యూహించినది.

3. తెర నుండి చెవికి

వీరాంపట్టినము మత్స్యకారుల గ్రామము. వేటకు పోవువానికి ఆనాటి అలల యెత్తు తెలియుట ప్రాణముతో సమానము. ఆ వివరమును అమెరికా నౌకాదళపు వెబ్‌సైటు నుండి గ్రహించి, తమిళమున చెప్పి, మైకుల ద్వారా ఊరంతయు వినబడునట్లు చాటెడివారు. జాలరి కంప్యూటరు ముందు కూర్చుండ నక్కరలేదు, అక్షరము రానక్కరలేదు. పాత చాటింపే క్రొత్త రూపమున మరలివచ్చినది.

సమీపమున నల్లవాడు అను మరియొక మత్స్యకార గ్రామము కలదు. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూకంపము సంభవించి సముద్రము ఉప్పొంగినది. సింగపూరులో పనిచేయుచున్న ఆ యూరి యువకుడొకడు వార్త విని, ఇంటికి ఫోను చేసి, వెంటనే ఊరు విడువుడని హెచ్చరించెను. గ్రామస్థులు విజ్ఞాన కేంద్రపు తలుపులు పగులగొట్టి, అందలి మైకులో ఆ హెచ్చరికను మరల మరల చాటిరి. జనులందరును మెరకకు తరలిరి. సుమారు 150 ఇండ్లు, 200 పడవలు నాశనమైనవి. గ్రామస్థుల ప్రాణములు మాత్రము దక్కినవి.

ఇందలి పాఠమును నిదానముగా గ్రహింపవలెను. ఆ దినమున ప్రాణములు కాపాడినది ఒక్క యంత్రము కాదు. దూరమున నొకడు వినెను, ఇంటివారికి తెలిపెను, మైకు ఎచట నున్నదో ఊరివారికి తెలిసియుండెను, అది అందరిదని వారు నమ్మియుండిరి. ఈ గొలుసులో ఏ కడి తెగినను ఊరు మునిగెడిది.

4. నేటి కర్తవ్యము

2007 నుండి మన దేశపు సునామీ హెచ్చరికలు హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము నుండియే వెలువడుచున్నవి. గ్రామీణ కుటుంబములలో ఇంటికొక్కరికి డిజిటల్ అక్షరాస్యత నేర్పు కేంద్ర పథకము 2017లో మొదలై 2024 మార్చితో ముగిసినది. కాని ఇంటిలో నేర్చిన ఆ యొక్కరు తక్కినవారికి నేర్పనిచో అంతరము వీధి నుండి ఇంటిలోనికి వచ్చి కూర్చుండును. 2020లో కరోనా వలన పాఠశాలలు మూతపడినప్పుడు, ఒక్క ఫోనునకు ఇద్దరు ముగ్గురు పిల్లలున్న యిండ్లలో పాఠమెవరికి అందినదో మన మెరుగుదుము.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణమునందలి జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది. ఆమ్లపు దాడిలో కనులు చెడినవారును, అంధులును తెచ్చిన వ్యాజ్యములవి. గుర్తింపునకై రెప్పలార్పుమని యంత్రము కోరును. రెప్పలార్పలేనివా రేమి చేయుదురు? అందరికని కట్టిన ద్వారము కొందరికి గోడయైనదనుటకు ఇంతకంటె నిదర్శనము లేదు.

కావున మన పాఠశాలలు, వసతిగృహములు, మఠములు వారమున కొక పూటయైనను ఒక గదిని దీనికై తెరచి యుంచుట మేలు. చదివిన యువతీయువకులు అచట కూర్చుండి, వచ్చినవారి దరఖాస్తును వారికి చదివి వినిపింపవలెను. రహస్య సంఖ్యను అడుగరాదు. దరఖాస్తు రసీదును వారి చేతి కీయవలెను. మరుసటిసారి వారే చేసికొనునట్లు నేర్పవలెను. చేసిపెట్టుట ఒకనాటి సహాయము. నేర్పుట జీవితకాలపు సహాయము.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మన యూరిలో ఇతరులపై నాధారపడక తన పింఛను వివరము తెలిసికొనలేనివా రెందరు?
2. మన యింటి ఫోనును స్త్రీలును, వృద్ధులును స్వయముగా ఉపయోగింపగలుగుచున్నారా?
3. రేపొక ఆపద వచ్చినచో, వార్త మన యూరి చివరి యింటికి ఏ మార్గమున చేరును?