నల్లరాతి పాఠము: అగ్నిపర్వతములను కనిపెట్టు కొలువునకు దారి

గోదావరి మండలముల విద్యార్థి గాని విద్యార్థిని గాని తాను అగ్నిపర్వతశాస్త్రము చదువగోరుచున్నానని చెప్పినచో, ఇంటిపెద్దలు మొట్టమొదట నడుగు ప్రశ్న యొకటే: "మన దగ్గర అగ్నిపర్వత మెక్కడిది, ఆ చదువు అన్నము పెట్టునా?" ఇది న్యాయమైన ప్రశ్నయే. అయితే దీనికి సమాధానమును పుస్తకములలో వెదకుటకంటె, రాజమహేంద్రవరమున కానుకొని యున్న కాతేరునకో, నది దాటి పంగిడికో, దేవరపల్లి దగ్గరి గౌరీపట్నమునకో పోయి వెదకుట మేలు. అచ్చటి క్వారీలలో పగులగొట్టబడి, మన రోడ్లకు కంకరయై, మన యిండ్ల పునాదులలో నిమిడియున్న ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట ద్రవమై ప్రవహించిన లావా.

దక్కను పీఠభూమిని కప్పిన ఆ మహాప్రవాహములే పడమటి కనుమల వైపు నుండి పురాతన నదీలోయల వెంట దాదాపు వేయి కిలోమీటర్లు పారి ఇచ్చటికి చేరెనని, రాళ్ల రసాయనికసామ్యమును బట్టి పలువురు శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. అదే నిజమైనచో భూమిమీద తెలిసిన లావాప్రవాహములలో మిక్కిలి పొడవైనవానిలో మన రాయి చేరును. ఒక ముక్కను సుత్తితో కొట్టి, క్రొత్తగా పగిలిన ముఖమును భూతద్దముతో చూడుడు. చల్లారువేళ బయటపడజాలక చిక్కిన వాయువుల గుంటలు కొన్ని పెసరగింజంత, కొన్ని శనగగింజంత కానవచ్చును. కొన్నిటి యందు తెల్లని ఖనిజము పేరుకొని యుండును. క్వారీగోడ నెగాదిగా పరికించినచో రెండు నల్లని పొరల నడుమ సున్నపురాయి, అందులో గుల్లలు. ఒక ప్రవాహము చల్లారిన పిమ్మట సముద్రజలము వచ్చి నిలిచి, జీవులు అందులో పుట్టి పెరిగి గిట్టిన తరువాత, రెండవ ప్రవాహము వానిని కప్పివేసినది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు గెర్టా కెల్లర్ బృందము ఈ క్వారీలను, కృష్ణా గోదావరి బేసినులో ఓఎన్‌జీసీ తవ్విన బావుల శిలలను పరిశీలించినది, డైనోసారుల వినాశమునకు ఈ లావా యెంతవరకు కారణమో తేల్చుటకే. ఆ వాదము ఇంకను తెగలేదు.

చల్లారిన నిప్పు మాట అట్లుండ, మండుచున్న నిప్పు కూడ మనకు మిక్కిలి దూరమున లేదు. అండమాను సముద్రములోని బారెన్ ద్వీపము మన దేశపు ఏకైక సజీవాగ్నిపర్వతము. ఒకటిన్నర శతాబ్దికి పైబడిన మౌనమునకు పిమ్మట 1991లో మేల్కాంచి, తరువాత పలుమార్లు బూడిద క్రక్కినది. అందు మనుష్యులు లేరు గాని, దానికి సుమారు 140 కిలోమీటర్ల దూరమున పోర్టుబ్లెయిరులో తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు ముప్పదియారు వేలకు పైగా జనులు మరణించిరి, వారిలో అత్యధికులు కెరటముల పాలైనవారే. ఆ కెరటపు జాడ మన తూర్పుతీరపు టైడ్ గేజీలలో సైతము నమోదయ్యెను.

అగ్నిపర్వతములను కనిపెట్టు ఈ కొలువునందు చేయవలసిన పని యెట్టిదో మన ప్రాంతపు పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది యని లంకలలోని పసివారికిని తెలియును. అగ్నిపర్వతమునకును అట్టి మెట్లే కలవు. శిలాద్రవము పైకి త్రోసికొని వచ్చునప్పుడు చిన్న భూకంపములు గుంపులుగా పుట్టును, కొండప్రక్క కంటికి తెలియనంతగా ఉబ్బును, సల్ఫర్ డయాక్సైడు పెరుగును, నేల వేడెక్కును. భూకంపమాపకములతో, టిల్ట్‌మీటర్లతో, జీపీఎస్‌తో, ఉపగ్రహములతో వీనిని రేయింబవళ్లు కనిపెట్టి, హెచ్చరికను ఏ మెట్టునకు చేర్చవలెనో నిర్ణయించుటయే ఆ కొలువు.

అయితే హెచ్చరిక వ్రాయుట వేరు, అది చెవిని పడుట వేరు. 1985 నవంబరు 13వ తేదీ రాత్రి కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతము పేలగా శిఖరపు మంచు కరగి, బురదవెల్లువయై, రెండు గంటలకు పైగా ప్రయాణించి ఆర్మెరో పట్టణమును ముంచివేసెను. సుమారు ఇరువదిమూడు వేలమంది పోయిరి. ఆ పట్టణము ప్రమాదస్థలమని చూపు పటము నెలదినముల ముందే సిద్ధమై యుండెను, రెండు గంటల వ్యవధియు నుండెను, కాని లేచి పొండని గట్టిగా చెప్పినవారు లేకపోయిరి. 1991లో ఫిలిప్పీన్సులోని పినాటుబో దగ్గర శాస్త్రజ్ఞులు మరియొక విధముగ నడచిరి: అగ్నిపర్వతశాస్త్రజ్ఞుడైన మారిస్ క్రాఫ్ట్ తీసిన వీడియోను గ్రామస్థులకు, అధికారులకు ప్రదర్శించి, కానున్నదానిని కన్నులకు కట్టించిరి, వేలకొలది ప్రాణములు దక్కినవి. అచ్చటను, పర్వతము బ్రద్దలైన దినమునే వచ్చిన తుపానుకు తడిసిన బూడిద బరువునకు కప్పులు కూలి చనిపోయినవారు కలరు. తుపాను నెరిగిన కోనసీమవారికి ఆ దృశ్యము ఊహకు అందనిది కాదు. ఆ వీడియో తీసిన క్రాఫ్ట్, భార్య కాటియాతో కూడ, ఆ యేటి జూన్ 3వ తేదీననే జపానులోని ఉన్‌జెన్ పర్వతమున మరణించెను.

ఇక దారి. ఇంటర్మీడియటులో ఎంపీసీ చదివి, డిగ్రీలో భూవిజ్ఞానమో భౌతికశాస్త్రమో రసాయనశాస్త్రమో తీసికొని, ఎం.ఎస్‌సి.కి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకో, ఉస్మానియాకో, ఐఐటీ జామ్ పరీక్ష వ్రాసి ఐఐటీలకో పోవచ్చును. సి.వి.రామన్ శిష్యుడైన సి.మహదేవన్ గారు తీర్చిదిద్దిన ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూవిజ్ఞానశాఖ మనకు చేరువ. తరువాత యూపీఎస్‌సీ జరుపు కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్షలో ఉత్తీర్ణులైనవారు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో జియాలజిస్టులుగ, జియోఫిజిసిస్టులుగ, కెమిస్టులుగ చేరుదురు. పరిశోధన కోరువారికి హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) కలదు. 2007 నుండి సునామీ హెచ్చరికలు చేయుచున్న ఇన్‌కాయిస్ సైతము ఆ నగరమందే కలదు.

ఒక్క సంగతి దాచక చెప్పవలెను. మన దేశమున అగ్నిపర్వతము నొక్కదానినే నమ్ముకొన్న ఉద్యోగములు మిక్కిలి స్వల్పము. భూకంపము, సునామీ, వరద, ఖనిజము, భూగర్భజలము వీనిలో నొకదానిని జీవనాధారముగ చేసికొని, దానితో కూడ అగ్నిపర్వతశాస్త్రమును అభ్యసించుటయే వివేకము. పని మాత్రము తక్కువ లేదు. 2018 డిసెంబరు 22న అనక్ క్రాకటోవా అగ్నిపర్వతపు కొండచరియ కడలిలోనికి జారి సునామీ లేచినప్పుడు, పెద్ద భూకంపము ముందుగ రాలేదు గనుక హెచ్చరిక మ్రోగలేదు. నాలుగువందలకు పైగా జనులు మరణించిరి. భూకంపము లేక వచ్చు సునామీని ముందుగ పసిగట్టు విద్య ఇంకను చేతికి చిక్కలేదు, దానిని సాధించు పని మీ తరమువారిది.

కావున ఈ సంక్రాంతి సెలవులలో, క్వారీ యజమాని అనుమతి తీసికొని, బ్లాస్టింగు లేని వేళ చూచుకొని, ఒక సుత్తి, ఒక భూతద్దము, ఒక నోటుపుస్తకముతో కాతేరు పోయి రండు.