కూలి పోతుందని ఆసుపత్రికి పోకపోతే ఎట్లక్కా?

ఏమక్కా, పత్తి చేలో కళ్లు తిరిగి కూలబడ్డావంట? “ఎండ దెబ్బేలే” అని కొంగుతో మొహం తుడుచుకొని మళ్లీ సాలులోకి వంగావంట. మెట్లెక్కితే ఆయాసం, రాత్రయితే కాళ్లు పీకులు, కనురెప్ప కింద చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. ఇది ఎండ కాదక్కా, రక్తం తక్కువ.

నువ్వొక్కదానివే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100 మందికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. మగవాళ్లలో అందులో సగం కూడా లేదు. నెలసరి, కాన్పులు ఒక కారణమైతే, అందరూ తిన్నాక అడుగూబొడుగూ తినే అలవాటు ఇంకొకటి.

మన మండలం జూపాడు బంగ్లా సర్కారు ఆసుపత్రిలో చీటీకి డబ్బులడగరు, మాత్రలూ ఊరికే ఇస్తారు. అయినా పోము. పోతే ఆ రోజు కూలి పోతుంది. పేదదానికి అసలు ఫీజు అదే! ఈ సంగతి పట్టించుకోకుండా “ఆడవాళ్లకు అవగాహన లేదు” అంటే నాకు ఒళ్లు మండుతుంది.

2022లో మన మండలం నంద్యాల జిల్లాలో కలిసింది, 2023లో అక్కడ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. కానీ ఒంట్లో బాగాలేకపోతే మనం బస్సెక్కేది కర్నూలు పెద్దాసుపత్రికే, దగ్గర కాబట్టి. ఆత్మకూరు అవతల నల్లమల గూడేల్లోని చెంచు అక్కలకైతే బస్సు దొరికే చోటికి రావడమే పెద్ద ప్రయాణం. వాళ్లకూ మనకూ ఒకే ఏర్పాటు చేసి సమానమంటే ఒప్పుకోను. దూరమున్నవాళ్ల దగ్గరికి వైద్యమే ముందు నడిచిపోవాలి.

రక్తం ఎంతుందో చూడ్డానికి వేలి చివర ఒక చుక్క చాలక్కా. హిమోగ్లోబిన్ 12 గ్రాములుండాలి, కడుపుతో ఉంటే 11. ఏడుకు తగ్గితే ఆలస్యం చేయొద్దు. ఐరన్ మాత్రలేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, భయపడి మానేయకు. మాత్ర మీద టీ తాగకు, ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లు మంచివి.

ఈసారి గ్రామసభకు రా. పత్తి తీతలు, మిరప కోతల రోజుల్లో సాయంత్రం పూట మన వాడకే వచ్చి రక్తం చూడమని అడుగు. మొహమాటపడకు, నలుగురినీ వెంటబెట్టుకొని అడుగు.